మూడో నెల పాపకు రోజూ సాంబ్రాణి పొగ, బరువు సరిగ్గా పెరగడం లేదు. సంబంధం ఉందా?

చిట్టితల్లి_అమ్మ
మూడో నెల రాగానే పాపను తీసుకుని పుట్టింటి నుంచి నిజాంపేట ఫ్లాట్‌కి వచ్చాను. సాయానికి మా అత్తయ్యగారు వచ్చారు, తెనాలి దగ్గర పల్లెటూరు. మనిషి బంగారం. పాపకు నలుగు పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. గొడవంతా ఆ తర్వాతే. స్నానం అవగానే గాలి తగిలితే జలుబు చేస్తుందని బెడ్‌రూమ్ కిటికీలు, తలుపు మూసేస్తారు. ధూపం గిన్నెలో బొగ్గులు రాజేసి సాంబ్రాణి చల్లి, జుట్టు ఆరేదాకా పాపకు పొగ పట్టిస్తారు. గదంతా తెల్లగా అయిపోతుంది. పాప నాలుగైదు సార్లు తుమ్ముతుంది. "దిష్టి పోతోందిలే" అంటారు. ఇది కాక పొద్దున, సాయంత్రం హాల్లో అగరబత్తి, రాత్రికి దోమల కాయిల్.

మొన్న టీకాకు వెళ్తే నెలలో 400 గ్రాములే పెరిగింది, గమనించుకోండి అన్నారు. రాత్రిళ్లు ముక్కు దిబ్బడ వేసి పాలు సరిగ్గా తాగట్లేదు. పొగ వల్ల పిల్లల ఎదుగుదల తగ్గుతుందని ఎక్కడో చదివాను, అప్పటి నుంచి టెన్షన్. మా ఆయన్ని అడిగితే "అమ్మకి నేనేం చెప్తాను" అని ఫోన్‌లో తల దూర్చేస్తున్నాడు. నిజంగా సంబంధం ఉందా, లేక నాదే చాదస్తమా?

గుంటూరు_కారం
చాదస్తమే. తెలుగునాట పుట్టిన ప్రతి బిడ్డా ఆ పొగలోనే పెరిగింది. మీరూ, నేనూ అంతే. ఎవరికేమైంది? మా అమ్మాయికి పదకొండో నెల దాకా పట్టించాం. ఇప్పుడు దాని జడ చూడాలి, తాచుపాములా ఉంటుంది.

సీతమ్మ_మనవడు
"ఎవరికేమైంది" అన్నారు కాబట్టి చెప్తున్నా. మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు. దక్కింది ఐదుగురు. పోయిన నలుగురూ రెండేళ్లు నిండనివాళ్లే. "డొక్కలు ఎగరేసి ఎగరేసి పోయాడు" అని ఒక్కొక్కరి గురించి చెప్పేది. అది పొగ వల్లే అని నేననను. టీకాల్లేవు, ఊళ్లో డాక్టరూ లేడు. కానీ "మాకేం కాలేదు" అని ఇవాళ ఇక్కడికొచ్చి రాసేది బతికి బట్టకట్టినవాళ్లే కదా.

గుంటూరు_కారం
సరే, ఆ మాటకు నోరు మూసుకుంటా. జడ సంగతి మాత్రం ఒప్పుకోను.

గోదారి_పిల్లల_డాక్టర్
చిట్టితల్లి అమ్మగారూ, ముందు బరువు సంగతి. ఈ వయసులో రోజుకు 25 నుంచి 30 గ్రాముల దాకా పెరగాలి. నెలకు 400 అంటే తక్కువే. కారణం ఇక్కడ ఎవరూ తేల్చలేరు, నాతో సహా. పాప రొమ్ము సరిగ్గా పట్టుకుంటోందా, రోజుకు ఎన్నిసార్లు ఒంటేలు పోస్తోంది, ఇవన్నీ దగ్గరుండి చూడాల్సినవి. వచ్చే టీకా దాకా ఆగకుండా ఈ వారమే మళ్లీ చూపించండి.

ఇక పొగ. నెలల పిల్లలు ముక్కుతోనే గాలి పీలుస్తారు. ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చడం వాళ్లకు ఇంకా సరిగ్గా చేతకాదు. అందుకే ముక్కు దిబ్బడ వేసిన పాప రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది, ఏడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది, అలిసి నిద్రపోతుంది. తల్లేమో తాగేసిందనుకుంటుంది. పొగకు ముక్కు లోపలి పొర వాచిందంటే ఇదే జరుగుతుంది. తుమ్ములు దిష్టి పోయి కాదు, ముక్కు తిరగబడుతోంది.

ఇంకో సంగతి. మనం నిమిషానికి 15 సార్లు ఊపిరి పీలిస్తే ఈ వయసు బిడ్డ 40 సార్లు పీలుస్తుంది. ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఒకే గదిలో మీకంటే పాప ఎక్కువ పొగ మింగుతోందన్నమాట. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు చాలావరకు పుట్టాకే, మొదటి రెండు మూడేళ్లలో తయారవుతాయి. తయారయ్యే వేళ మసి పట్టించడం దేనికి?

రాత్రి ఆయాసం అనిపిస్తే పాప నిద్రలోనో, నిమ్మళంగానో ఉన్నప్పుడు పొట్ట లేచి పడడం నిండు నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నుంచి ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల దాకా 40. ఆ లెక్కకు చేరినా, దాటినా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి.

నిద్రలేని_తండ్రి
మా వాడికి ముక్కు దిబ్బడ వేస్తే మా అమ్మ కొబ్బరి నూనెలో ముద్దకర్పూరం కాచి ఛాతీకి, ముక్కు దగ్గర రాసేది. వెంటనే తెరుచుకునేది. అది ట్రై చేయండి.

గోదారి_పిల్లల_డాక్టర్
వద్దు. కర్పూరం పసిపిల్లలకు రాయకూడదు. ఒంట్లోకి వెళితే ఫిట్స్ వస్తాయి. ముక్కులోకి సెలైన్ చుక్కలు రెండు చాలు. కర్పూరం డబ్బా పూజ గూట్లో పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి. పాకే పిల్లలు పటిక బెల్లం అనుకుని నోట్లో పెట్టుకున్న కేసులు చూశాను.

నిద్రలేని_తండ్రి
ఇప్పుడే లేచి వెళ్లి డబ్బా పై అరలో పెట్టొచ్చాను.

లెక్కల_మాస్టారు
డాక్టరు గారు చెప్పిన ముక్కు, దగ్గు, ఊపిరితిత్తుల మాటతో పేచీ లేదు. "పొగ వల్ల ఎదుగుదల తగ్గుతుంది" అన్న ముక్క మీదే నాకు అనుమానం. కట్టెల పొయ్యి ఇళ్లలో పిల్లలు పొట్టిగా ఉంటారు, నిజమే. ఆ ఇళ్లలో గుడ్డూ ఉండదు, మరుగుదొడ్డీ ఉండదు, తల్లికి రక్తమూ ఉండదు. పొట్టి దేనివల్ల అంటారు?

దీన్ని తేల్చడానికే హేపిన్ అని పెద్ద ప్రయోగం చేశారు. మన పక్కన తమిళనాడులో, ఇంకా గ్వాటెమాలా, పెరూ, రువాండాలో. మొత్తం 3,200 మంది గర్భిణులు. సగం మందికి గ్యాస్ పొయ్యి, 18 నెలల పాటు సిలిండర్లు ఉచితం. మిగతావాళ్లు ఎప్పటిలా కట్టెల మీదే. కట్టెల వాళ్లు పీల్చే సన్నధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలికి 70 మైక్రోగ్రాములు ఉంటే గ్యాస్ వాళ్లది 24. మరి పుట్టినప్పుడు బిడ్డల బరువు? గ్యాస్ వైపు సగటున 2,921 గ్రాములు, కట్టెల వైపు 2,898. అది తేడాయే కాదు. ఏడాది నిండేసరికి ఎత్తులోనూ తేడా లేదు, తీవ్రమైన న్యుమోనియాలోనూ లేదు. బరువు ఫలితం 2022లో, మిగతావి 2024లో వచ్చాయి.

అలాగని పొగ పట్టించమని కాదు. 400 గ్రాములకు కారణం సాంబ్రాణి అని తేల్చేసి అసలు కారణం వెతకడం మానేస్తారేమోనని నా భయం.

గోదారి_పిల్లల_డాక్టర్
మాస్టారూ, మంచి మాట. నేనూ అందుకే మళ్లీ చూపించమన్నది. కాకపోతే హేపిన్ ఒక్కటే పట్టుకుని న్యుమోనియాకు పొగతో సంబంధమే లేదనకండి. అంతకుముందు గ్వాటెమాలాలోనే పొగగొట్టం పొయ్యిలు పెట్టి చూశారు, 2011లో వచ్చింది. మామూలు న్యుమోనియాలో స్పష్టంగా తేలలేదు గానీ, తీవ్రమైన కేసులు మూడో వంతు దాకా తగ్గాయి. పైగా హేపిన్ తల్లులు గ్యాస్‌కు మారింది మూడో నెల నుంచి ఐదో నెల మధ్య. అప్పటిదాకా పీల్చిన పొగ పీల్చిందే. గ్యాస్ వచ్చాక కూడా 24 అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఏడాది సగటు 5కి దాదాపు అయిదు రెట్లు. వాళ్ల పొయ్యి ఆరినా ఊరి పొయ్యిలు ఆరలేదు.

లెక్కల_మాస్టారు
అది ఒప్పుకుంటా. కానీ ఇదీ చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 91.8 శాతం ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయి. ఆంధ్రలో 83.6. దేశం మొత్తం మీద 58.6. అంటే పొయ్యి సంగతిలో మనం చాలా ముందున్నాం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు? తెలంగాణలో 33.1 శాతం, అంతకుముందు సర్వేలో 28 ఉండేది. ఆంధ్రలో 31.2. తెలంగాణలో గ్యాస్ పెరిగింది, పొట్టి పిల్లలూ పెరిగారు. పొగే కారణమైతే ఇలా ఎందుకుంటుంది?

అంగన్‌వాడీ_సుశీల
మాది ఆదిలాబాద్ ఏజెన్సీ. నాకు ఈ పెద్ద పెద్ద చదువులు తెల్వవు గానీ నెలనెలా పిల్లల బరువు తూచేది నేనే. మాస్టారు చెప్పిన 91 శాతంలో మా ఊరు కూడా పడుతది. ఇంటింటికీ సిలిండర్ ఉంది, దాని మీద గుడ్డ కప్పి ముగ్గు కూడా వేస్తరు. ఎక్కువ దేనితో వండుతరు అని సర్వే వాళ్లు అడుగుతరు, గ్యాస్ అని చెప్తరు, అది అబద్ధం కాదు. కూర, చాయ గ్యాస్ మీదనే. జొన్నరొట్టె మాత్రం కట్టెల పొయ్యి మీదనే, గ్యాస్ మీద చేస్తే రుచి రాదంటరు. స్నానం నీళ్లు కూడా కట్టెల మీదనే, ఇంటిల్లిపాదికీ గ్యాస్ మీద నీళ్లు కాచితే సిలిండర్ ఇరవై రోజులు కూడా రాదు. వానాకాలం ఆ పొయ్యి వసారాలోకి వస్తది. తల్లి రొట్టె కొడుతుంటే బిడ్డ వీపుకు కట్టి ఉంటది. ఈ పొయ్యి గురించి ఏ సర్వేలో అడిగిన్రు?

లెక్కల_మాస్టారు
సుశీల గారూ, నా లెక్కలో రంధ్రం పెట్టేశారు. వీపు మీద బిడ్డ సంగతి నాకు తట్టలేదు.

అంగన్‌వాడీ_సుశీల
అయినా మీరన్నది కూడా నిజమే సార్. బరువు తగ్గిన పిల్లల ఇంటికి పోతే నేను ముందు అడిగేది విరేచనాలు అయినయా, ఆరో నెల దాటినా పాలే ఇస్తున్నరా, పిల్లల కోసం మేమిచ్చే బాలామృతం పిండి ఎవరు తింటున్నరు అని. సగం ఇండ్లల్ల నాయన చాయలో కలుపుకొని తాగుతడు.

సీతమ్మ_మనవడు
బాలామృతం చాయలోనా?

అంగన్‌వాడీ_సుశీల
బూస్ట్ లెక్క ఉంటదంట.

ఓరుగల్లు_రజిత
తిండి గురించి అన్నారు కాబట్టి. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి, ఆ పిల్లలు 13–18 ఏళ్లకు వచ్చాక కొలిచారు. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లకూ దీంట్లో చెయ్యి ఉంది. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. అంతే, ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు. తిండి పెట్టినా అంతే పెరిగారంటే, ఎత్తు అనేది ఒక్క తాళంచెవితో తెరుచుకునే తాళం కాదు.

చిట్టితల్లి_అమ్మ
అందరికీ థాంక్స్. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. మరి కాయిల్? దోమలు మాత్రం విపరీతం. పక్కనే ఖాళీ ప్లాటు, అందులో నీళ్లు.

మీటర్_మురళి
ఈ థ్రెడ్ కోసమే పుట్టినట్టున్నాను. మా మియాపూర్ ఫ్లాట్‌లో గాలి కొలిచే మీటర్ పెట్టి రెండేళ్లయింది, మా ఆవిడ దాన్ని సవతి అంటుంది. అన్నీ పీఎం 2.5 అంకెలే. మామూలు రోజు పొద్దున 35 దగ్గర. ఒక అగరబత్తి, మూడడుగుల దూరంలో: 180. ఎండుమిర్చి తిరగమోత, చిమ్నీ వేయకుండా: 250 పైన. మూసిన బెడ్‌రూమ్‌లో కాయిల్: గంట అయ్యేసరికి 600. సాంబ్రాణి కప్పు: 999 దగ్గర ఆగిపోయింది. ఆగింది పొగ కాదు, మీటర్‌కి అంతకంటే పెద్ద అంకె రాదు. మన దేశ ప్రమాణం రోజు సగటు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థది 15.

ఇంకా తమాషా ఏంటంటే, తలుపులు మూసి ఉంచితే ఆ 999 కిందికి దిగడానికి రెండు గంటలు దాటింది. రెండు వైపులా కిటికీలు తీసి ఫ్యాన్ వేస్తే పావుగంట.

కాయిల్ గురించి 2003లో ఒక అధ్యయనం వచ్చింది. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానం. పాప ఉన్న గదిలో ఎవరైనా సిగరెట్ ముట్టిస్తే చీపురు తిరగేస్తాం కదా.

గుంటూరు_కారం
కాయిల్ మానేసి డెంగ్యూ తెచ్చుకోమంటారా? ఆ అధ్యయనం చేసినవాళ్లను ఒక రాత్రి మా బాపట్ల వైపు పడుకోమనండి.

గోదారి_పిల్లల_డాక్టర్
కారం గారూ, డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పొద్దున, సాయంత్రం పొద్దుగూకే ముందు దాని జోరు. మీరు కాయిల్ వెలిగించేది రాత్రి తొమ్మిదికి. డెంగ్యూ కోసమైతే పగలు పడుకున్న పాప మీద గొడుగు దోమతెర వేయాలి. రాత్రికీ అదే తెర. కిటికీలకు మెష్ కొట్టించండి. ఖాళీ ప్లాటు నీళ్ల సంగతి మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయండి.

గుంటూరు_కారం
పగలు కుడుతుందా! ఇన్నేళ్లూ తప్పు షిఫ్టులో కాపలా కాశానన్నమాట.

సిక్కోలు_చిన్నోడు
మీరంతా సాంబ్రాణి, కాయిల్ అంటున్నారు. మా మామ్మది అడ్డపొగ. తెలియనివాళ్లకు: చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం వైపు ముసలమ్మల్లో ఇంకా ఉంది. నిప్పు లోపల ఉంటుంది కాబట్టి బయటికి పొగ రాదని మామ్మ వాదన. మా బాబును ఒళ్లో పెట్టుకుని, నోట్లో నిప్పు పెట్టుకుని, కబుర్లు కూడా చెప్పేది. వాడికి ఏడాదిన్నరలో మూడుసార్లు చెవి కారింది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని చెవి డాక్టర్ అడిగితే నేను "ఎవరూ తాగరు" అన్నాను. నిజంగానే మామ్మ నాకు గుర్తు రాలేదు. పొగ తాగడమంటే మనకు మగాళ్లు, సిగరెట్లు. మా ఆవిడ నా కాలు తొక్కి "మామ్మ" అంది.

చుట్ట మానమంటే ఈ వయసులో మానుతుందా? బాబును ఎత్తుకోవాలంటే నోరు కడుక్కుని, చీర మార్చుకుని రమ్మన్నాం. రెండు రోజులు అలిగింది. తర్వాత బాబు కోసం రోజుకు నాలుగు చీరలు మార్చడం మొదలుపెట్టింది. ఉతికేది మాత్రం మేమే.

డాలస్_నాన్న
ఇక్కడ మా సమస్య వేరు. చలికాలం ఇల్లంతా మూసి ఉంటుంది, గ్యాస్ స్టవ్ పైన ఉన్న గొట్టం గాలిని బయటికి పంపదు, తిప్పి వంటింట్లోకే వదులుతుంది. ఇల్లు కొన్న మూడేళ్లకు తెలిసింది. గ్యాస్ మంటకు మసి రాదు గానీ నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఆస్తమా ఉన్న పిల్లలకు అది పడదు. మా పెద్దాడికి ఉంది. ఇప్పుడు గారెలు, అప్పడాలు అన్నీ పెరట్లో ఎలక్ట్రిక్ స్టవ్ మీద.

అసలు కథ గృహప్రవేశం రోజుది. హోమం హాల్లోనే చేయాలని పంతులు గారు, అలారం మోగుతుందని నేను. అలారానికి ప్లాస్టిక్ సంచి కడితే సరి అన్నారు మా మామగారు. కట్టాం. పై అంతస్తులో ఇంకో అలారం ఉందని ఎవరికీ గుర్తు లేదు. పూర్ణాహుతి వేళకు ఫైరింజన్ వచ్చింది. వచ్చినవాళ్లకు పులిహోర పెట్టి పంపాం.

సీతమ్మ_మనవడు
అగ్నిదేవుణ్ణి ఆవాహన చేస్తే అగ్నిమాపక దళం వచ్చిందన్నమాట.

ఓరుగల్లు_రజిత
కనిపించే పొగ గురించే అందరూ రాస్తున్నారు, గోడల సంగతీ చూసుకోండి. మా అద్దె ఇంట్లో బాత్‌రూమ్ వెనక గోడకు చెమ్మ, బీరువా జరిపితే నల్లగా బూజు, అదే గోడకు ఆనించి బాబు మంచం. వానాకాలమంతా పిల్లి కూతల దగ్గు. ఓనర్ రంగు వేయిస్తానన్నాడు. చెమ్మ మీద రంగు వేస్తే రెండు నెలల్లో మళ్లీ వస్తుంది, పైపు లీకేజీ చూడాలని గొడవ పడ్డాను. పాత రంగు గీకించేటప్పుడు పిల్లల్ని వేరే ఇంటికి పంపేయండి. 2017 నవంబరు నుంచి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదని మన దేశంలో నిబంధన ఉంది. అంతకుముందు గోడల సంగతి ఎవరికి తెలుసు? గీకితే వచ్చే దుమ్ము పాకే పిల్లల చేతికి, నోటికి వెళ్తుంది.

నిద్రలేని_తండ్రి
మురళి గారూ, ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారా? ఏది కొనాలి?

మీటర్_మురళి
కంపెనీ పేరు చెప్పను, గొడవలొస్తాయి. లెక్క చెప్తా. 12×10 గది, పదడుగుల ఎత్తు అంటే 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే అట్టపెట్టె మీద సీఏడీఆర్, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి శుభ్రం చేస్తుందో ఆ అంకె, 170 పైన ఉండాలి. సన్నధూళిని పట్టే హెపా ఫిల్టర్ చూసుకోండి, ఓజోన్ వచ్చేవి వద్దు. అసలు ముందు ఇంట్లో పొగ పెట్టడం మానండి. గదిలో కాయిల్ వెలిగించి పక్కన ప్యూరిఫైయర్ పెట్టడమంటే పడవకు చిల్లు పెట్టి నీళ్లు తోడుకోవడమే.

ప్యూరిఫైయర్ పెట్టినంత మాత్రాన గది మూసెయ్యకండి కూడా. ముగ్గురం ఏసీ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి మా గదిలో కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎం దాటింది. బయట 420 ఉంటుంది.

నా పరువు పోయిన కథ ఒకటి. ఏసీకి పిల్లాడి ముక్కు ఎండుతోందని పొగమంచులా నీళ్లు చిమ్మే హ్యూమిడిఫైయర్ కొన్నాను. బోరు నీళ్లు పోశాను. తెల్లారి మీటర్ 400, టీవీ మీద తెల్లటి పౌడర్. బోరు నీళ్లలోని ఉప్పంతా సన్నధూళిగా మార్చి పిల్లాడికి రాత్రంతా పీల్పించాను. ఇంత మీటర్ పెట్టుకుని నేనే చేశాను ఆ పని. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అత్తగారిని_నేనే
చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. నాకు అరవై మూడు, ముగ్గురు మనవలకు నీళ్లు పోశాను. మీరంతా పొగ కొలిచారు గానీ ఆవిడ ఎందుకు వేస్తోందో ఎవరూ అడగలేదు.

మా పిల్లలప్పుడు పెంకుటిల్లు. స్నానం పంచలో. నీళ్లపొయ్యిలోంచి రెండు నిప్పులు తీసి చిటికెడు సాంబ్రాణి వేసేవాళ్లం. మూడు వైపులా గాలే, మిగిలిన పొగ పెంకుల సందుల్లోంచి పోయేది. పుష్యమాసం చలిలో తడి తలతో బిడ్డను ఎలా పడుకోబెడతాం? తల ఆరడానికి ఆ వేడి కావాలి, వాసన కోసం సాంబ్రాణి. కొడుకు ఫ్లాట్‌కి వచ్చేసరికి పంచ లేదు, పెంకుల్లేవు. పని మాత్రం చేతులకు గుర్తుంది. అదే పని నాలుగు గోడల మధ్య చేస్తోంది. నేనూ చేశాను, నా కోడలు మూడు నెలలు మొహం ముడుచుకుంది తప్ప నోరు తెరిచి చెప్పలేదు.

అమ్మాయ్, "డాక్టర్ వద్దన్నారు" అని చెప్పకు. "మేం పెంచలేదా" అనేస్తాం, అది మా నోట్లో తయారుగా ఉంటుంది. "అత్తయ్యా, మీరు ఉన్నప్పుడు పొద్దుటి లేత ఎండలో తల ఆరబెడితే బావుంటుంది, నాకు చేతకావడం లేదు" అను. చెయ్యొద్దు అనడం కాదు, ఇంకో పని చేతిలో పెట్టు. మెత్తటి పాత నూలు చీరతో తుడిస్తే ఆ పిడికెడు జుట్టు రెండు నిమిషాల్లో ఆరుతుంది. ఇంకో మాట, ఆ బొగ్గుల కుంపటి మూసిన గదిలో ఎప్పుడూ పెట్టనివ్వకు. వాసన లేని విషవాయువు వస్తుంది. చలికి గదిలో కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయిన కుటుంబాల సంగతి పేపర్లో చదువుతూనే ఉన్నాం.

గోదారి_పిల్లల_డాక్టర్
అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా "డాక్టర్ వద్దన్నారని చెప్పండి" అనే చెప్తున్నాను. రేపటి నుంచి మీ మాట చెప్తాను.

గుంటూరు_కారం
మా ఆవిడకు ఈ పోస్టు చదివి వినిపించాను. "మీ అమ్మ పొగ పెడితే నేనూ మూడు నెలలు మొహం ముడుచుకున్నా, మీకు కనపడలేదు" అంది. ఇప్పుడు ఇంట్లో పొగ ఉంది, సాంబ్రాణి లేదు.

చిట్టితల్లి_అమ్మ
మూడు వారాల తర్వాత వచ్చాను, చాలామంది మెసేజ్ పెట్టారు.

డాక్టర్ దగ్గర పాలు పట్టే తీరు చూశారు. పాప కొసను మాత్రమే పట్టుకుంటోందట, పట్టించే పద్ధతి మార్చారు. ముక్కుకు సెలైన్ చుక్కలు. పొగ పూర్తిగా ఆపమన్నారు. నిన్నటికి 620 గ్రాములు పెరిగింది! పాలు పట్టే తీరు మారినందుకా, ముక్కు తెరుచుకున్నందుకా, రెండింటికా అంటే నాకు తెలియదు. మాస్టారూ, అన్నీ ఒకేసారి మార్చేశాను, తిట్టకండి.

లెక్కల_మాస్టారు
ప్రయోగం చెడింది, పాప పెరిగింది. నాకు రెండోది చాలు.

చిట్టితల్లి_అమ్మ
అత్తయ్యగారి సంగతి. మా ఆయన ఈ థ్రెడ్ అంతా చదివి, మాట్లాడే ధైర్యం లేక ఆఫీసులో ఎవరిదో మీటర్ అడిగి తెచ్చాడు. స్నానం తర్వాత పొగ వేయగానే 999. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చూసి "ఈ పెట్టె పాడైందిరా, ఇచ్చేయ్" అన్నారు. అయిపోయింది మీటర్ కథ. అప్పుడు పెద్దమ్మ గారు చెప్పినట్టే అడిగాను. ఒక నిమిషం నన్ను చూసి, "ముందే చెప్పొచ్చుగా, నాకూ దగ్గు వస్తోంది" అన్నారు. ఇప్పుడు పొద్దున ఏడున్నరకు బాల్కనీలో ఎండ, పాత నూలు చీర, పాప, ఆవిడ పాట. కాయిల్ పోయి గొడుగు తెర వచ్చింది.

సాంబ్రాణి మాత్రం పూర్తిగా పోలేదు. పాప లోపల నిద్రపోయాక బాల్కనీ తలుపు మూసి, పాప గౌన్లకు, పొత్తిగుడ్డలకు పొగ పట్టించి, గాలికి ఆరేసి తెస్తున్నారు. ఆ వాసన లేకపోతే పసిబిడ్డ ఉన్న ఇల్లులా లేదంటారు.

మీటర్_మురళి
తలుపు కింద సందు ఉంటే తడి గుడ్డ పెట్టండి.

చిట్టితల్లి_అమ్మ
పెట్టాను. ఇప్పుడు సమస్య పై అంతస్తు. వాళ్ల బాల్కనీలోకి పొగ వస్తోందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. ఆ ఫోటో కింద అత్తయ్యగారు వాయిస్ మెసేజ్ పెట్టారు, రెండు నిమిషాల నలభై సెకన్లు. నేనింకా వినలేదు.